ముందు బండ్లు, తర్వాతే యాప్

సంపాదకులకు నమస్కారం.

ఫలానా పట్టణంలో నలుగురు కుర్రాళ్లు కలిసి సొంత ఫుడ్ డెలివరీ యాప్ పెట్టారని, స్థానిక హోటళ్లను చేర్చుకుంటున్నారని జిల్లా పేజీల్లో ఈమధ్య తరచూ చదువుతున్నాం. స్థానికులు ఇలాంటి వ్యాపారంలోకి రావాలనే మేమూ కోరుకుంటాం. కానీ ఆ వార్తల్లో యాప్ తయారీకి ఎంతయిందో ఉంటుంది గానీ ఒక ఆర్డర్ మీద ఎంత మిగులుతుందో ఉండదు. జీఎస్టీ ఎవరు కట్టాలో ఉండదు. బండి నడిపే కుర్రాడు పడిపోతే బీమా వర్తిస్తుందో లేదో అసలే ఉండదు. ఇవి చదివి ఇంట్లో బంగారం కుదువపెట్టి దిగేవాళ్లున్నారు. అందుకే ఈ పని లోపలి నుంచి తెలిసినవాళ్లుగా కాస్త వివరంగా రాస్తున్నాం. ఉదాహరణకు మా రాజమహేంద్రవరాన్నే తీసుకున్నాం. కాకినాడకైనా ఖమ్మానికైనా లెక్క దాదాపు ఇదే.

యాప్‌తో మొదలుపెట్టొద్దన్నది మా మాట. ఒక పేటలో దగ్గర దగ్గరగా ఉన్న ఎనిమిది, పది హోటళ్లకు డెలివరీ బండ్లు సమకూర్చే పనిగా మొదలుపెట్టండి. నేరుగా ఫోన్ చేసి అడిగే సొంత ఖాతాదారులు ప్రతి హోటల్‌కూ ఉంటారు. "పంపడానికి కుర్రాడు లేడండీ, మీరే వచ్చి తీసుకెళ్లండి" అని చెప్పి హోటల్‌వాళ్లు ఆ ఆర్డర్లను వదులుకుంటున్నారు. ఒక్కో హోటల్‌కు అలాంటివి రోజుకు ఆరు వస్తాయనుకుందాం. ఆ ఆరింటి కోసం జీతమిచ్చి కుర్రాణ్ని పెట్టుకోవడం ఏ హోటల్‌కూ గిట్టదు. పది హోటళ్లవి కలిపితే అరవై అవుతాయి. అరవైకి ఐదుగురు కుర్రాళ్లకు పని ఉంటుంది. ఆర్డర్ తీసుకునేది హోటలే, డబ్బు వెళ్లేదీ హోటల్‌కే. తీసుకెళ్లి ఇవ్వడం మాత్రమే మన పని. ఇలా మొదలుపెడితే పన్ను, రిఫండ్, ఖాతాల చిక్కులు సగానికి పైగా మన దాకా రావు.

ఈ పనిలో అమ్మేది నిమిషాలను. కౌంటర్ దగ్గర పార్సిల్ కోసం నిలబడే సమయం 8 నిమిషాలు, రెండున్నర కిలోమీటర్లు వెళ్లడానికి ఏడున్నర, ఇల్లు వెతికి చేతికివ్వడానికి 4, తిరిగి రావడానికి మళ్లీ ఏడున్నర. మొత్తం 27 నిమిషాలు. అంటే రద్దీ వేళ గంటకు రెండు ఆర్డర్లు. మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండున్నర, రాత్రి ఏడున్నర నుంచి పది, ఈ నాలుగున్నర గంటల్లో తొమ్మిది. రద్దీకి ముందూ వెనకా వచ్చేవి కలిపితే రోజుకు పన్నెండు, పదమూడు. ఇప్పుడు కౌంటర్ దగ్గర 8 నిమిషాలు కాస్తా 18 అయిందనుకోండి, రద్దీ వేళ తొమ్మిది ఏడుకు పడిపోతాయి. అదే కుర్రాడు సగటు వేగాన్ని గంటకు 20 నుంచి 25 కిలోమీటర్లకు పెంచితే రానూపోనూ కలిసొచ్చేది మూడే మూడు నిమిషాలు. కుర్రాణ్ని తొందరపెట్టి రోడ్డు మీద ప్రాణాల మీదకు తెచ్చే బదులు హోటల్ కౌంటర్‌ను సరిచేసుకోవడమే లాభం. ఇంత చిన్న కూడిక వేసుకోకుండా "అరగంటలో డెలివరీ" అని బోర్డులు రాయిస్తున్నవాళ్లను చూస్తే భయం వేస్తుంది.

కౌంటర్ దగ్గర ఆలస్యానికి కారణాలు ఎక్కడైనా ఇంచుమించు అవే. పార్సిల్‌కు వేరే మనిషి ఉండడు. గల్లా దగ్గర ఉన్నాయనే టేబుల్ బిల్లులూ చూస్తాడు, పార్సిళ్లూ కట్టిస్తాడు. కూర్చుని తినేవాళ్ల ఆర్డర్ కళ్లెదుట ఉంటుంది కాబట్టి మాస్టర్ ముందు దాన్నే తీస్తాడు. రద్దీ వేళల్లో పార్సిల్‌కు ఒక మనిషిని కేటాయిస్తామని ఒప్పుకోని హోటల్‌ను, ఎంత పేరున్నదైనా, మొదటి మూడు నెలలు చేర్చుకోవద్దు. ఏ ఐటం ఎంతసేపట్లో అవుతుందో హోటల్‌వారీగా రాసిపెట్టుకోవాలి. దమ్ బిర్యానీ హండీ తెరిచాక ఐదు నిమిషాల్లో కట్టేయొచ్చు. టిఫిన్లకు పది, ఫ్రైడ్ రైస్, నూడుల్స్ లాంటివాటికి పదిహేను, తందూరీకి ఇరవై నుంచి పాతిక. తందూరీ ఆర్డర్ రాగానే కుర్రాణ్ని పంపితే అతను అక్కడ పావుగంట ఊరికే నిలబడతాడు. తయారీకి ఇంకో ఐదు నిమిషాలుందనగా చేరేలా పంపడమే ఫోన్ దగ్గర కూర్చున్న మనిషి నేర్చుకోవాల్సిన అసలు విద్య. పదకొండున్నరకు ఒకసారి, ఆరున్నరకు ఒకసారి ఏవి ఉన్నాయో ఏవి అయిపోయాయో హోటల్ నుంచి వాట్సాప్‌లో తెప్పించుకోవాలి. మటన్ బిర్యానీ అయిపోయిందన్న సంగతి డబ్బు కట్టిన తర్వాత తెలిస్తే ఆ ఇంటి నుంచి మళ్లీ ఫోన్ రాదు.

దూరం సంగతి. మొదట్లో మూడు కిలోమీటర్లు దాటొద్దు. మ్యాప్ మీద గీసిన వృత్తాన్ని కాకుండా రోడ్డు వెంట దూరాన్ని, సాయంత్రం ఏడున్నరకు బండి మీద వెళ్లి కొలవాలి. ఐదు కిలోమీటర్లయితే రానూపోనూ అరగంట, కౌంటర్, అప్పగింత కలిపి 42 నిమిషాలు. గంటకు ఒకటిన్నర ఆర్డర్ కూడా రాదు. మా ఊళ్లో దానవాయిపేట, దేవీచౌక్, మెయిన్ రోడ్డు చుట్టుపక్కల హోటళ్లను పట్టుకుంటే ధవళేశ్వరం, బొమ్మూరు, కాతేరు ఆర్డర్లను మొదటి ఆరు నెలలు వదులుకోవాల్సిందే. రాజానగరం వైపు కాలేజీల్లో పిల్లలు ఎక్కువ, ఆశ పుడుతుంది. కానీ అక్కడి వాళ్లకు అక్కడి హోటళ్లతో వేరే జట్టు కట్టాలి తప్ప ఊళ్లో నుంచి పంపితే గిట్టదు. గట్టి వాన కురిసిన రాత్రి ఆర్యాపురం, తుమ్మలావ లాంటి పల్లపు పేటలకు ఆర్డర్ తీసుకునే ముందే "గంట పడుతుందండీ" అని చెప్పాలి. చెప్పి తీసుకుంటే తగువు ఉండదు.

మన ఊళ్లలో డోర్ నంబర్ పట్టుకుని ఇల్లు కనుక్కోవడం కష్టం. లొకేషన్, పక్కన కనిపించే గుర్తు, ఎన్నో అంతస్తు అన్న మూడూ ఫోన్‌లోనే అడిగి రాసుకోవాలి. ఆసుపత్రులకు పంపేటప్పుడు గేటు దగ్గరికి ఎవరొస్తారో, వాళ్ల నంబరేమిటో ముందే కనుక్కోవాలి. వార్డులోకి వెళ్లి వెతకడం అయ్యే పని కాదు.

ఇక డబ్బు. 300 రూపాయల ఆర్డర్‌కు డెలివరీ ఛార్జీ 55 అనుకుందాం. ఇందులో 30 తినేవాళ్లు ఇస్తారు, 25 హోటల్ భరిస్తుంది. హోటల్‌కు ఆ 25 అంటే ఎనిమిది శాతం పైచిలుకు. పెద్ద యాప్‌లకు ఇంచుమించు పాతిక శాతం దాకా ఇస్తున్న హోటల్ ఇది వింటే కూర్చోబెట్టి మాట్లాడుతుంది. కుర్రాడికి ఆర్డర్‌కు 40, పెట్రోల్ అతనిదే. రోజుకు 500 తగ్గకుండా హామీ ఇవ్వాలి. ఈ హామీ లేకపోతే ఆర్డర్లు తగ్గిన వారంలోనే మంచి కుర్రాళ్లు వెళ్లిపోతారు. ఒలికిపోవడం, మారిపోవడం లాంటి నష్టాలకు ఆర్డర్‌కు 3 రూపాయలు పక్కన పెట్టాలి. మిగిలేది 12. ఫోన్ దగ్గర కూర్చునే మనిషికి 15 వేలు, ఫోన్లు, సంచులు, చిల్లర ఖర్చులకు 3 వేలు అంటే నెలకు 18 వేలు, రోజుకు 600. అంటే రోజుకు 50 ఆర్డర్లొస్తే ఖర్చులు సరిపోతాయి. 80 వస్తే నెలకు 10,800 మిగులుతుంది. ఫోన్ దగ్గర యజమానే కూర్చుంటే ఆ 15 వేలూ అతనివే. ఇదేమీ కళ్లు చెదిరే ఆదాయం కాదు. కానీ అప్పు లేకుండా పని నేర్చుకోవచ్చు. 12 రూపాయల మిగులు ఎంత సున్నితమైందో కూడా చూడండి. అదే కుర్రాడికి రోజుకు ఆరు ఆర్డర్లే పడితే హామీ సొమ్ముతో ఆర్డర్‌కు 83 రూపాయలు పడుతుంది. అందుకే ఆర్డర్లు రాకముందే పదిమందిని పెట్టుకుని యూనిఫారాలు కుట్టించడం తప్పు. నలుగురితో మొదలుపెట్టి ఆదివారాలకు, క్రికెట్ మ్యాచ్ రాత్రులకు, డిసెంబర్ 31కి ఇద్దరు ముగ్గుర్ని అదనంగా పిలుచుకోవాలి. కార్తీకమాసంలో మాంసాహార హోటళ్ల ఆర్డర్లు పడిపోతాయి. హోటళ్లను ఎంచుకునేటప్పుడే రెండు మూడు మంచి శాకాహార హోటళ్లు కలిసేలా చూసుకోవాలి. టిఫిన్ల ఆర్డర్ చాలాసార్లు 120 రూపాయలు కూడా ఉండదు. 150కి తక్కువైతే పంపబోమని మొదటి రోజు నుంచే చెప్పడం మేలు.

ఇదే లెక్క యాప్‌కు వేద్దాం. హోటల్ నుంచి 45, తినేవాళ్ల నుంచి 35, మొత్తం 80. ఇందులో 18 శాతం జీఎస్టీ పోగా చేతికొచ్చేది 68. కుర్రాడికి 40 పోతే 28. ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవకు, అంటే పేమెంట్ గేట్‌వేకు, పన్నూ ఛార్జీలూ కలిసిన బిల్లు మీద రెండు శాతం, ఇంచుమించు 7 రూపాయలు. రిఫండ్లు నూటికి రెండు ఆర్డర్లయినా సగటున ఆర్డర్‌కు 6. మిగిలింది 15. గది, ఇద్దరు మనుషులు, సాఫ్ట్‌వేర్ అద్దె, ప్రచారం కలిపి నెలకు 45 వేలు పెట్టుకున్నా రోజుకు 1,500. అంటే వంద ఆర్డర్లు వస్తే గానీ సున్నా దగ్గరికి చేరం. మొదటి నెలలో జనాన్ని రప్పించడానికి 50 రూపాయల కూపన్ ఇచ్చారా, ప్రతి ఆర్డర్‌కూ 35 రూపాయలు జేబులోంచి పోతాయి. ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. పెద్ద కంపెనీలు ఏళ్ల తరబడి పెట్టుబడిదారుల డబ్బుతో ఆ నష్టాన్ని మోశాయి. మనకు ఆ అవకాశం లేదు. యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి వ్యాపారి మీద ఎండీఆర్ (బ్యాంకు వసూలు చేసే రుసుము) లేదు కాబట్టి, ఎక్కడ వీలైతే అక్కడ గేట్‌వే బదులు క్యూఆర్ కోడ్‌తో నేరుగా ఖాతాలోకి తీసుకుంటే ఆ 7 రూపాయలు మిగులుతాయి. కాకపోతే డబ్బు పడిందని మన ఫోన్‌లో చూసుకునేదాకా పార్సిల్ కదలకూడదు. స్క్రీన్‌షాట్‌ను నమ్మకూడదు.

చాలామంది కొత్త యాప్‌వాళ్లకు తెలియని నిబంధన జీఎస్టీ చట్టం సెక్షన్ 9(5)లో ఉంది. ఇది తప్పక తెలుసుకోవాలి. 2022 జనవరి 1 నుంచి యాప్ ద్వారా అమ్ముడైన హోటల్ భోజనం మీద 5 శాతం జీఎస్టీ కట్టాల్సింది హోటల్ కాదు, యాప్ నడిపేవారు. హోటల్‌కు జీఎస్టీ నంబర్ లేకపోయినా సరే. చిన్న మెస్ అమ్మిన భోజనానికైనా యాపే కట్టాలి. దాన్ని నగదుగానే కట్టాలి, మన కొనుగోళ్ల మీద ఇప్పటికే కట్టిన పన్నుతో (ఇన్‌పుట్ క్రెడిట్‌తో) సర్దుబాటు చేసుకోవడం కుదరదు. ఇలాంటి యాప్‌కు టర్నోవర్ ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఇది తెలియక బిల్లులో వసూలైన పన్నును కూడా భోజనం డబ్బుతో కలిపి హోటల్‌కు పంపేస్తే ఏమవుతుందో చూడండి. 300 రూపాయల ఆర్డర్‌కు 15 చొప్పున రోజుకు 60 ఆర్డర్లకు 900. నెలకు 27 వేలు, ఏడాదికి 3,24,000. నోటీసు వచ్చేసరికి దానిమీద ఏటా 18 శాతం వడ్డీ కూడా చేరి ఉంటుంది. రిజిస్ట్రేషన్ లేని కుర్రాళ్లు యాప్ ద్వారా చేసే స్థానిక డెలివరీ మీద కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం పన్ను యాప్ నడిపేవారిదే. దీంతోపాటు హోటళ్లకు పంపే చెల్లింపుల్లో ముందే మినహాయించి కట్టాల్సిన ఆదాయపు పన్ను, అంటే టీడీఎస్ సంగతి ఉంటుంది. 2024 అక్టోబర్ నుంచి దాని రేటు 0.1 శాతం.

హోటలే ఆర్డర్ తీసుకుని, మనం రవాణా మాత్రమే చేస్తే భోజనం మీద పన్ను హోటల్ చూసుకుంటుంది. మన డెలివరీ ఛార్జీలు ఏడాదికి 20 లక్షలు దాటేదాకా మనకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. రోజుకు 50 ఆర్డర్లు, 55 రూపాయల చొప్పున ఏడాదికి సుమారు పది లక్షలే. రోజుకు వంద ఆర్డర్లకు చేరేసరికి ఆ హద్దు వచ్చేస్తుంది. అప్పటికి లెక్కలు చూసే ఆడిటర్‌ను పెట్టుకునే స్తోమతా వస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. వాట్సాప్‌లో పది హోటళ్ల మెనూలు పెట్టి, ఆర్డర్లూ డబ్బూ మనమే తీసుకుంటే, యాప్ లేదన్న మాటే గానీ అది కూడా 9(5) కిందికి రావచ్చు. అలా చేయాలనుకుంటే ముందే చార్టర్డ్ అకౌంటెంట్ సలహా రాతపూర్వకంగా తీసుకోండి.

ఆహార భద్రత విషయంలో యాప్ నడిపేవారికి ఎఫ్ఎస్ఎస్ఏఐ కేంద్ర లైసెన్సు కావాలి. చేర్చుకునే ప్రతి హోటల్‌కూ చెల్లుబాటులో ఉన్న లైసెన్సో రిజిస్ట్రేషనో ఉండాలి. నంబర్‌ను ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుల వెబ్‌సైట్ ఫోస్కాస్‌లో చూసి, గడువు తేదీని రాసుకోవాలి. గోడ మీది సర్టిఫికెట్‌కు గడువు తీరి ఉండొచ్చు. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల నిబంధనల ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, ఫోన్ నంబర్ ప్రకటించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. డెలివరీ ఇచ్చాక ఖాతాదారుల నంబర్లు కుర్రాళ్ల సొంత ఫోన్లలో మిగిలిపోకుండా చూసుకోవడం మన బాధ్యత. ముఖ్యంగా ఆడపిల్లల హాస్టళ్ల విషయంలో. కుర్రాళ్లకు సంస్థ సిమ్‌లు ఇచ్చి, షిఫ్ట్ అవగానే ఫోన్లు తిరిగి తీసుకోవడం ఒక మార్గం.

డబ్బు మన ద్వారా నడిచే పద్ధతిలో చిన్న సంస్థలు మునిగేది ఎక్కువగా ఒక్కచోటే. హోటళ్ల సొమ్మును తమ పెట్టుబడిగా వాడేసుకోవడం వల్ల. రోజుకు 60 ఆర్డర్లు, 300 చొప్పున 18 వేలు. వారానికోసారి చెల్లింపంటే ఎప్పుడూ 1,26,000 దాకా పరాయి సొమ్ము మన ఖాతాలో ఉంటుంది. జీతాలిచ్చే రోజున, అద్దె కట్టే రోజున చేయి దాని మీదకే పోతుంది. రెండు వారాలు ఆర్డర్లు తగ్గితే పూడ్చడం కుదరదు. ఒక హోటల్‌కు చెల్లింపు ఆగిందన్న మాట సాయంత్రానికల్లా మిగతా హోటళ్లకు చేరుతుంది. అందుకే భోజనం డబ్బుకు విడిగా కరెంట్ ఖాతా ఉండాలి. నిన్నటి అమ్మకం ఈ రోజు మధ్యాహ్నంలోగా హోటల్‌కు చేరాలి. కుర్రాళ్ల దగ్గర నగదు రెండు వేలు దాటకుండా షిఫ్ట్ మధ్యలోనే జమ చేయించుకోవాలి.

హోటల్‌తో ఒప్పందం ఒక పేజీ చాలు, కానీ అది రాతలో ఉండాలి. పార్సిల్ ధర కౌంటర్ ధరే. పెద్ద యాప్‌లలో పెంచి అమ్మే హోటల్ మన దగ్గర అలా చేయకూడదు. స్థానిక సంస్థకు ఉన్న బలం ఈ ఒక్క ధర తేడాయే. ప్యాకింగ్ డబ్బు అసలు ఖర్చు మేరకే. ఐటం తప్పుగా కట్టినా, రుచి చెడినా నష్టం హోటల్‌ది. దారిలో ఒలికినా, చెప్పిన సమయానికి అరగంట మించి ఆలస్యమైనా మనది. ఇంటి ముందు నిలబడి పది నిమిషాల్లో మూడుసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోతే ఖాతాదారుడిది. ఈ నాలుగు మాటలు ముందే రాసుకోకపోతే ప్రతి శనివారం రాత్రీ గొడవే.

ప్యాకింగ్‌ను చాలామంది హోటల్ పని అని వదిలేస్తారు. తిట్లు మాత్రం డెలివరీ ఇచ్చినవాడికే. షేర్వా, సాంబారు ఒలికిపోవడానికి కారణం సాధారణంగా కుర్రాడి నడక కాదు. సలసల కాగుతున్నది డబ్బా అంచుదాకా పోసి వెంటనే మూత బిగిస్తే లోపలి ఆవిరి మూతను పైకి తోస్తుంది. సంచిలో కొంచెం వంగగానే కారుతుంది. పొయ్యి మీంచి దించాక రెండు నిమిషాలు ఆగి, పైన అర అంగుళం ఖాళీ వదిలి, మూత పెట్టి, కౌంటర్ మీదే ఒకసారి పక్కకు వంచి చూసి, అప్పుడు టేపు వేయాలి. దోసె, పెసరట్టు ఫాయిల్‌లో చుట్టి పాలిథిన్‌లో పెడితే పది నిమిషాల్లో తడి గుడ్డలా అవుతాయి. బటర్ పేపర్‌లో చుట్టి, ఆవిరి పోవడానికి రంధ్రాలున్న అట్టపెట్టెలో పెట్టాలి, చట్నీలు వేరుగా. పుల్కా, రుమాలీ రోటీకి మాత్రం ఫాయిలే మంచిది, వాటికి ఆ తేమ కావాలి. చికెన్ 65, లాలీపాప్ పెట్టే పెట్టెలకు గాలి పోయే దారి ఉండాలి. మిరపకాయ బజ్జీలు రెండు కిలోమీటర్లు దాటితే పంపకపోవడమే మర్యాద. వాటిని వార్తాపత్రికలో చుట్టొద్దు. అచ్చు సిరా తిండిలో కలవకూడదని ఎఫ్ఎస్ఎస్ఏఐ పలుమార్లు హెచ్చరించింది. భోజనం పార్సిల్‌లో అప్పడం అన్నిటికన్నా పైన, విడి కవర్లో ఉండాలి. స్టేప్లర్ పిన్ను తిండి పొట్లాల దగ్గరికే రానీయొద్దు, ఊడి కూరలో పడుతుంది. చిరిగితే తెలిసే స్టిక్కర్ వాడాలి. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, కప్పులు, స్ట్రాలు నిషేధం. క్యారీ బ్యాగు మందం 120 మైక్రాన్లకు తగ్గకూడదు.

వేడి తిండి 60 డిగ్రీలకు పైనే ఉండాలి. అంతకన్నా దిగి గోరువెచ్చగా ఉన్నంతసేపూ సూక్ష్మజీవులు పెరుగుతాయి. కొన్ని వందలకు దొరికే గుచ్చే థర్మామీటర్ కొనుక్కుని వారానికోసారి ప్రతి హోటల్ పార్సిల్‌నూ, చేర్చిన చోట కొలిచి చూడండి. 40 నుంచి 45 లీటర్ల ఇన్సులేటెడ్ సంచిలో బిర్యానీ అడుగున పరచినట్టు, ద్రవాలు నిలువుగా, ఐస్‌క్రీం ఉంటే వేరే చిన్న సంచిలో. సంచిని రోజూ రాత్రి కడిగి ఆరబెట్టకపోతే వారంలో వాసన పడుతుంది. కౌంటర్ దగ్గర కుర్రాడు బిల్లు చూస్తూ పొట్లాలు పైకి లెక్కపెట్టాలి. రైతా రాలేదు, షేర్వా రాలేదు అన్న ఫిర్యాదులకు ఇదొక్కటే మందు. రెండు ఆర్డర్లు ఒకేసారి తీసుకెళ్లడం, హోటల్ ఒకటే అయి, ఇళ్లు రెండూ కిలోమీటర్ లోపల ఉంటేనే.

కుర్రాళ్ల విషయం అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో వాడుకునే బండికి తీసుకున్న బీమా పాలసీలో, ప్రతిఫలం కోసం నడపడానికీ సరకు రవాణాకూ వర్తించదని రాసి ఉంటుంది. డెలివరీకి వెళ్తూ ప్రమాదం జరిగితే కంపెనీ ఆ వాక్యాన్ని చూపిస్తుంది. బండి ఏ పనికి వాడుతున్నామో బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పి, తగిన పాలసీ తీసుకోవాలి. కుర్రాళ్లందరికీ కలిపి గ్రూప్ ప్రమాద బీమా చేయించాలి. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలోనైనా మొదటి రోజే చేర్పించాలి, అసంఘటిత కార్మికుల కోసం కేంద్రం నడిపే ఈ-శ్రమ్ పోర్టల్‌లో పేరు నమోదు చేయించాలి. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. డెలివరీ యాప్‌లు టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం, కుర్రాళ్లకు ఇచ్చే మొత్తంలో 5 శాతం మించకుండా, ఇలాంటి కార్మికుల సామాజిక భద్రతా నిధికి జమ చేయాలన్న నిబంధన అందులో ఉంది. యాప్ వైపు వెళ్లేవాళ్లు ఈ ఖర్చు కూడా వేసుకోవాలి. 250 వాట్లు, 25 కిలోమీటర్ల వేగం మించని విద్యుత్ బండ్లకు రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదు. ఊళ్లో మన సగటు వేగం ఎలాగూ 20 కాబట్టి మూడు కిలోమీటర్ల పరిధికి అవి సరిపోతాయి. మధ్యాహ్నం మూడు నుంచి ఏడు దాకా ఛార్జింగ్‌కు సమయమూ ఉంది. హెల్మెట్ మాత్రం వాటి మీదా వదలొద్దు.

యాప్ ఎప్పుడు? రోజుకు 80 ఆర్డర్లు దాటి, ఫోన్ దగ్గర ఉన్న మనిషి చేత కానప్పుడు. అప్పుడు కూడా సొంతంగా రాయించొద్దు, నెల అద్దెకు దొరికేవి చాలు. ప్లే స్టోర్ ఖాతా మాత్రం మన పేరు మీదే తెరవాలి. దానికి ఒకేసారి కట్టే రుసుము 25 డాలర్లు. తయారుచేసినవాళ్ల ఖాతాలో పెట్టిస్తే, వాళ్లతో చెడిన రోజున ఖాతాదారులంతా వాళ్ల దగ్గరే ఉండిపోతారు.

మీ పత్రికకు మా మనవి ఇది. కొత్త డెలివరీ సంస్థల గురించి రాసేటప్పుడు, ఆర్డర్‌కు ఎంత మిగులుతోంది, 9(5) పన్ను కడుతున్నారా, కుర్రాళ్లకు ఏ బీమా ఉంది అని మూడు ప్రశ్నలు అడిగి, ఆ జవాబులు కూడా అచ్చువేయండి. యువతకు శిక్షణ ఇచ్చే జిల్లా పరిశ్రమల కేంద్రాలు ఈ జీఎస్టీ పాఠాన్ని ఒక్క పూట చెప్పించినా ఎంతోమంది అప్పుల్లో పడకుండా ఉంటారు. నగరపాలక సంస్థను అడిగేది కూడా ఉంది. హోటళ్లు ఎక్కువగా ఉన్న దానవాయిపేట, దేవీచౌక్ లాంటి చోట్ల నాలుగైదు బండ్లు ఆపుకునే గీత, తాగునీరు, మరుగుదొడ్డి ఉంటే కుర్రాళ్లు రోడ్డు మీద బండ్లు పెట్టి ట్రాఫిక్ పోలీసులతో మాటలు పడాల్సిన అవసరం ఉండదు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఆ పన్నెండు రోజులు పుష్కర ఘాట్, కోటిలింగాల ఘాట్ పరిసరాల్లో వాహనాలను అనుమతించకపోవచ్చు. అక్కడి ఇళ్లలోని వృద్ధులకు, ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లకు భోజనం చేర్చే బండ్లకు పాసుల పద్ధతి ఎలా ఉంటుందో ట్రాఫిక్ ప్రణాళిక తయారవుతున్నప్పుడే నిర్ణయించి ప్రకటించాలని కోరుతున్నాం.

ఇట్లు,
హోటల్ పార్సిళ్ల డెలివరీ పనిలో ఉన్నవాళ్లం,
రాజమహేంద్రవరం